గోడ చెమ్మ: క్రీము వరుస దాటి పైకెక్కుతున్న నీటి లెక్క

నేల నుంచి గోడలోకి ఎక్కే నీటిని ఆపడానికి, నీటిని అడ్డుకునే క్రీము నింపిన రంధ్రాల వరుసకు పైన, నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, ఇటుకల మధ్య మాలులో ఇప్పటికీ 7.2 శాతం తేమ ఉంది. ఈ అంకె నిరాశ కలిగించేదే. అయినా ఏ ఎత్తులో ఏ రకం తేమ ఎంత ఉందో ఊహలతో కాక అంకెలతో తెలుసుకోగలిగాను కనుక, ఆ నిరాశకు మించిన ఉత్సాహంతో ఇది రాస్తున్నాను.

ఇంట్లో చెమ్మ ఆపడానికి చేసిన మిగతా పనుల గురించి చెప్పాల్సింది తక్కువ. సన్‌షేడ్ అడుగున గాడి తీశాక కిటికీ పక్కన నీరు కారడం ఆగిపోయింది. పిట్టగోడ, శ్లాబు కలిసే మూలలో వాలుగా వేసిన మాలు కట్టు వానలకు నిలబడింది.

ఇక ఈ గోడ సంగతి. గాలిలోని ఆవిరే గోడ మీద చెమరిస్తోందేమోనన్న అనుమానాన్ని ముందే తీర్చుకున్నాను. గదిలో 28 డిగ్రీల వేడి, 70 శాతం గాలి తేమ ఉన్నప్పుడు తుషార స్థానం, అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, సుమారు 22 డిగ్రీలు. గోడ ఉపరితలం 26.5 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి అక్కడ ఆవిరి నీరుగా మారే అవకాశం లేదు. అంచులు టేపుతో మూసి అంటించిన అల్యూమినియం ఫాయిల్‌కు కూడా గది వైపు కాక గోడ వైపే బిందువులు పట్టాయి.

గోడకు రెండు పిన్నులు ఆనించి తేమ చూసే మీటరును ఈ పనికి నేను నమ్మను. అది ఖరీదైనదైనా చవకదైనా కొలిచేది విద్యుత్ నిరోధాన్నే, పైగా దాని శాతాలు కలపను ఉద్దేశించినవి; ఉప్పు చేరిన గోడ కాస్త తేమ ఉన్నా దానికి తడిసి ముద్దయినట్టే కనిపిస్తుంది. పొడిలోని నీరు కార్బైడ్‌తో కలిసినప్పుడు పుట్టే గ్యాసు ఒత్తిడిని బట్టి తేమ చెప్పే కార్బైడ్ మీటరు ఎంతో మెరుగు కానీ, ఉన్న నీరంతా కలిపి ఎంతో చెబుతుందే తప్ప, అది నేల నుంచి ఎక్కిందో, ఉప్పు గాలిలోంచి పీల్చుకుందో విడదీసి చెప్పదు. అందుకే పొడి తీసి తూచే పద్ధతికి వచ్చాను.

డ్రిల్లును నెమ్మదిగా తిప్పడం ఇక్కడ చాలా ముఖ్యం, ఎందుకంటే బిట్టు వేడెక్కితే కొలవాల్సిన నీరే ఆవిరైపోతుంది. పైపొర పొడిని పారేసి, 80 మిల్లీమీటర్ల లోతు నుంచి వచ్చిన మాలు పొడిని వెంటనే మూతగల డబ్బాల్లో మూసి తూచాను. తరువాత వాటిని, అడుగున కరగని ఉప్పు మిగిలి ఉండేంత చిక్కటి ఉప్పునీళ్లు పోసిన పెట్టెలో, ఆ నీరు తగలకుండా మూతలు తీసి ఉంచాను. ఆ పెట్టెలో గాలి తేమ 75 శాతం దగ్గర స్థిరంగా ఉంటుంది. బరువు మారడం ఆగాక మళ్లీ తూచి, చివరగా 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తూచాను. మొదటి బరువుకూ ఆరిన బరువుకూ తేడా మొత్తం తేమ; పెట్టెలోంచి తీసినప్పటి బరువుకూ ఆరిన బరువుకూ తేడా, ఉప్పు గాలి నుంచి పట్టి ఉంచగలిగే తేమ. జిప్సం ఉన్న ప్లాస్టరుకు ఈ వేడి పనికిరాదు; జిప్సం తనలోని స్ఫటిక జలాన్ని కూడా వదిలేసి లెక్కను పాడుచేస్తుంది.

నేల నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర మొత్తం తేమ 9.8 శాతం, అందులో ఉప్పు పట్టి ఉంచగలిగేది 1.4. క్రీము వరుస 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది కనుక దాని కింద ఇది సహజమే. 30 దగ్గర 7.2లో 1.5, 60 దగ్గర 5.0లో 2.4, 90 దగ్గర 4.1లో 3.8, 140 దగ్గర 1.0లో 0.7. అంటే 90 సెంటీమీటర్ల దగ్గర పెచ్చులు ఊడుతున్న పట్టీలో నీరు దాదాపు అంతా ఉప్పు గాలి నుంచి లాక్కున్నదే. అక్కడ మరో పొర వాటర్‌ప్రూఫ్ పూత వేయడం దండగ. 30 దగ్గర మాత్రం 5.7 శాతం నీరు ఉప్పుతో సంబంధం లేకుండా ఉంది, అది కింది నుంచి వచ్చినదే.

క్రీము పడ్డాక గోడ ఆరడానికి నెలకు 25 మిల్లీమీటర్ల మందం చొప్పున వేసే స్థూలమైన లెక్క ప్రకారం 230 మిల్లీమీటర్ల గోడకు తొమ్మిది నెలలకు పైగా కావాలి. ఆ గడువు దాటింది, నెల కిందట తీసిన పొడికీ ఇప్పటిదానికీ తేడా లేదు. 12 మిల్లీమీటర్ల రంధ్రాలు 120 మిల్లీమీటర్ల ఎడంతో, 190 లోతుతో మాలు వరుసలోనే పడ్డాయి. మాలు మధ్యలో బోలు ఉన్నచోట క్రీము అందులోకి జారిపోయి ఉండవచ్చు. అయితే నా బలమైన అనుమానం లోపలి సిమెంటు ప్లాస్టరు మీద ఉంది. అది క్రీము వరుసను కప్పుకుంటూ గచ్చు దాకా ఒకే పొరగా దిగింది కనుక, కింది నీరు గోడ లోపలి అడ్డును తప్పించుకుని ప్లాస్టరు గుండా ఎక్కి, పైన మళ్లీ ఇటుకలోకి దిగడానికి దీపపు వత్తిలా దారి ఇస్తోంది. బయటి వైపు మట్టి మట్టం వరుసకు తగినంత కిందే ఉంది, కనుక దానిని పక్కన పెట్టాను.

తరువాతి పని ఈ అనుమానాన్ని తేల్చడమే. గోడ పొడవులో ఒక మీటరు మేర, గచ్చు నుంచి క్రీము వరుసకు 5 సెంటీమీటర్ల పై వరకు ప్లాస్టరును ఇటుక కనిపించేలా తీసేసి, మిగతా భాగాన్ని ముట్టుకోకుండా ఉంచుతాను. రెండు చోట్లా 30 సెంటీమీటర్ల ఎత్తులో నెలనెలా పొడి తీస్తాను. తీసిన చోట అంకె దిగితే గోడ పొడవునా అదే కోత కోసి, స్కర్టింగును గచ్చుకు తగలకుండా అమరుస్తాను. దిగకపోతే పాత రంధ్రాల మధ్య కొత్తవి వేసి, బోలు ఉన్నచోట ముందు మాలు నింపి, ఆపైన క్రీము పట్టిస్తాను. 90 దగ్గరి ఉప్పు పట్టీకి మాత్రం ఎలాగైనా సున్నం ప్లాస్టరే వేయాలనుకుంటున్నాను. ఆవిరిని బయటికి పోనిస్తూ ఉప్పును తనలోకి తీసుకుంటుంది, నిండాక దానిని చెక్కేసి మళ్లీ వేసుకోవచ్చు.