అటెన్‌బరోలో ఒక శనివారం

బట్టలుతికి, వారానికి కావలసిన కూరగాయలు తెచ్చి పడేశాక మధ్యాహ్నం ఖాళీ దొరికింది. నాటింగ్‌హామ్‌లో డర్బీ వైపు వెళ్లే రైలెక్కి అటెన్‌బరోలో దిగాను. టీవీలో జంతువుల గురించి చెప్పే డేవిడ్ అటెన్‌బరో ఇంటిపేరు ఈ ఊరి పేరే. ట్రెంట్ నది పక్కన చిన్న ఊరు. పాత చర్చి, కంకర తవ్విన గోతుల్లో నీళ్లు నిండి ఏర్పడ్డ చెరువులు, వాటి నిండా పక్షులు. 1966లో వాటి సంరక్షణ కేంద్రాన్ని ప్రారంభించింది కూడా ఆయనే.

ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకు కొత్తేమీ కాదు. అయితే ఊళ్లో ఉన్నవాణ్ణి ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు. వేరే చోటికి వెళ్లినవాడే ఫలానా ఊరివాడవుతాడు. అంటే ఈ పేరు మొదట మోసినవాడు ఇక్కణ్ణుంచి వెళ్లిపోయినవాడై ఉండాలి. ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు 1066 తర్వాత భూస్వాములతో మొదలై, 1400 నాటికి చాలామందికి స్థిరపడ్డాయి.

2009లో లెస్టర్ యూనివర్సిటీకి చెందిన టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది మగవాళ్ల వై క్రోమోజోములు పరీక్షించారు. అది కూడా ఇంటిపేరులాగే తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. స్మిత్‌లలో పెద్దగా పోలిక లేదు. స్మిత్ అంటే కమ్మరి, ఊరూరా కమ్మరి ఉంటాడు కదా. అటెన్‌బరోలలో మాత్రం దాదాపు 87 శాతం మందిది ఒకటే రకం. ఎప్పుడో బతికిన ఒక్క మనిషి సంతానం!

నన్ను పట్టుకున్నది దీని వెనకున్న కారణం. మొదట్లో ఆ పేరున్నవాళ్లు కొందరు ఉండి ఉండొచ్చు. కొడుకులు లేని ఇళ్లలో పేరు ఆగిపోతుంది. తరాలు గడిచేసరికి ఒక్క శాఖే మిగలొచ్చు. ఆగిపోయిన ఇళ్లలో కూతుళ్లు లేరా? ఉన్నారు, వాళ్లకి పిల్లలూ పుట్టారు. లెక్కలోకే రాలేదు.

మా నాన్నకి మేమిద్దరం ఆడపిల్లలమే. రైల్లో కూర్చుని అమ్మకి ఫోన్ చేసి అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు అడిగాను. వెంటనే చెప్పింది. అమ్మమ్మ వాళ్లమ్మది అడిగితే కాసేపు ఆలోచించి, "పెద్దమ్మకి తెలుస్తుందేమో, రేపు అడిగి చెప్తాలే" అంది.