తోళ్ళ కార్ఖానాలో నీలి మంట

తోళ్ళ వ్యర్థాల నుంచి ఇంధనం ఎలా తీస్తారో చూద్దామని వెళ్ళాను. బస్సు దిగేసరికి కార్ఖానా గేటు ఇంకా అర కిలోమీటరు ఉంది, వాసన మాత్రం ఎదురొచ్చింది. పచ్చితోళ్ళ కంపు ఒక్కటే కాదు, కుళ్ళిన కోడిగుడ్డు వాసన కూడా. వెంట్రుకలు ఊడడానికి సున్నంతో పాటు సోడియం సల్ఫైడ్ వాడతారు. ఆ వాసన దానిదే.

లోపల ఎక్కువసేపు నిలబడిపోయింది ఫ్లెషింగ్ మెషీన్ దగ్గర. సున్నపు నీళ్ళలోంచి తీసిన తోలు తెల్లగా ఉబ్బి, తడిసిన దుప్పటంత బరువుగా ఉంది. ఇద్దరు చెరో కొస పట్టుకుని రోలర్ల మధ్యకు తోశారు. తిరిగే కత్తులు లోపలివైపు అంటుకున్న మాంసాన్నీ కొవ్వునీ గీరేశాయి. కింద పడ్డదాన్ని గ్లవుజు వేసుకుని పిడికెడు తీశాను. జావలా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది, కొవ్వు మాత్రం గ్లవుజుకు అతుక్కుపోయింది. టన్ను పచ్చితోళ్ళు వస్తే పూర్తయిన తోలుగా బయటికెళ్ళేది సుమారు పావు టన్నే.

"దీన్ని ఇక్కడే పట్టుకోవాలండీ. క్రోమ్ తగిలాక పట్టుకుని లాభం లేదు," అన్నారు సూపర్‌వైజర్ గారు.

ఆ మాటకు అర్థం పక్క షెడ్డులో తెలిసింది. క్రోమియం లవణాల్లో నానిన తోళ్ళు లేత నీలంగా మారతాయి. వాటిని చెక్కితే రాలే తురుములోనూ క్రోమియం ఉంటుంది. దాన్ని ఇష్టమొచ్చినట్టు కాలిస్తే క్యాన్సర్ తెచ్చే హెక్సావాలెంట్ క్రోమియం పుట్టే ప్రమాదముంది. దాన్నీ మామూలు ఇంధనంలా చూసేవాళ్ళతో నేను ఏకీభవించలేను.

గీరిన కొవ్వుకు రెండు దారులున్నాయి. కరిగించి మిథనాల్‌తో బయోడీజిల్ చేయొచ్చు. విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువుంటే నేరుగా క్షారం వేయకూడదు, సబ్బు తయారవుతుంది. అందుకే ముందు ఆమ్లంతో ఒక విడత నడిపి ఆ కొవ్వు ఆమ్లాలను తగ్గించాలి. రెండో దారి గ్యాస్ ట్యాంకు. సున్నపు క్షారత తగ్గించి, మెత్తగా చేసి, గాలి చొరబడకుండా 35 డిగ్రీల వెచ్చదనంలో మగ్గబెడితే సూక్ష్మజీవులు మీథేన్ ఇస్తాయి. మేత కొలిచి వేయాలి. ప్రోటీన్ మితిమీరితే అమ్మోనియా పెరిగి వాటి పని మందగిస్తుంది. గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడ్‌నూ తీసేయాలి, లేకపోతే ఆ గ్యాసుతో నడిచే ఇంజన్ లోహాన్ని అది తినేస్తుంది.

బర్నర్ వెలిగించి చూపించారు. నీలి మంట, దగ్గరికెళ్ళినా కంపు లేదు. నాకు నిజంగా సంతోషమేసింది.

తిరిగొస్తుంటే ఇంకో కార్ఖానా వెనక, కాలువ గట్టున, అదే జావ కుప్పగా పోసి ఉంది. ఈగలు ముసిరాయి. అక్కడా మీథేన్ పుడుతుంది, కాకపోతే గాల్లో కలిసిపోతుంది. కడుపు రగిలిపోయింది. నేను చూసొచ్చిన ట్యాంకు అక్కడికి పది నిమిషాల నడక.