కంపైలయింది సరేనయ్యా, లింకయిందా?

మన ఎంసీఏ బ్యాచ్ మళ్లీ కలుస్తున్న సందర్భంగా వేసే సంచికకి కమిటీ వాళ్లు రెండు పేజీలు రాయమన్నారు. క్యాంటీన్ సంగతి మన క్లాసు ఫ్లాపీగాడు ముందే తీసేసుకున్నాడు. వానలో తడిసిన ఫేర్‌వెల్ గురించి టిఫిన్‌బాక్స్ రాస్తానంది. హాస్టల్ మేడ మీద జరిగింది ఎవరూ బయటపెట్టకూడదని 2001లోనే ఒట్లు వేసుకున్నాం కాబట్టి అదీ కుదరదు. ఇక నాకు మిగిలింది మనకి చదువు చెప్పిన లింకర్ మాస్టారే.

ఎంసీఏ మొదటి రెండేళ్లు ఎలా గడిచాయో అడక్కండి. చెప్పులు బయట విడిచి ఏసీ ల్యాబ్‌లోకి దూరడం, టర్బో సీ నీలం తెర, బొమ్మలు గీసే ముందు పిలవాల్సిన ఇనిట్‌గ్రాఫ్‌లో బీజీఐ (గ్రాఫిక్స్ డ్రైవర్) ఫైలు దారి సరిగ్గా ఇవ్వకపోతే వచ్చే ఆ తిట్టు. తెర మీద 640 బై 480 చుక్కలు, 16 రంగులు. కారు బొమ్మ ఎడమ నుంచి కుడికి కదిలితే రికార్డులో సంతకం పడేది. గ్రాఫిక్స్ అంటే అంతే అనుకున్నాం. మూడో ఏడు మెయిన్ రోడ్ బట్టల షాపు ప్రాజెక్టు నెత్తిన పడేదాకా.

షాపాయనకి బిల్లింగ్, స్టాకు, బార్‌కోడ్ లేబుళ్లు, అన్నీ విండోస్‌లో, మౌసుతో కావాలి. ల్యాబ్‌లో ఉన్న టర్బో సీ, విండోస్ ముందు కాలపు డాస్ గడప దాటదు. మరి రాసిన కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ ఏది వాడాలి? కాకినాడ భానుగుడి సెంటర్లో టీలు తాగుతూ మన గ్యాంగు మూడు పార్టీలయింది. మన బావగారిది వీబీ, అంటే విజువల్ బేసిక్. ఫారం మీదికి బటన్ లాగితే సగం పనైపోయినట్టేనన్నాడు. ఫ్లాపీగాడిది మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 6. అమీర్‌పేటలో విండోలు కట్టే దాని లైబ్రరీ ఎంఎఫ్‌సీ నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ అని వాళ్లన్నయ్య చెప్పాడట. నాది బోర్లాండ్ సీ ప్లస్ ప్లస్ బిల్డర్. వీబీలో లాగే బటన్లు లాక్కోవచ్చు, భాషేమో మనకి వచ్చిందే. ఆ బటన్లూ విండోలూ ఇచ్చే దాని వీసీఎల్ లైబ్రరీ లోపలంతా పాస్కల్ అనే వేరే భాషలో రాసిందని తెలిసిన రోజు ఫ్లాపీ నవ్విన నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు.

మాస్టారు ఎవరి వైపూ మాట్లాడలేదు. ముగ్గురికీ ఒకే పరీక్ష పెట్టారు. ఒక విండో, ఒక బటన్, నొక్కితే షాపు పేరు రావాలి. దాన్ని ఒక్క ఫ్లాపీ డిస్కులో పట్టుకెళ్లి, షాపాయన విండోస్ 95 మిషన్లో నడిపించి చూపించాలి. "మన ల్యాబ్‌లో నడిస్తే గొప్పేంటయ్యా? ఇక్కడ అన్నీ ఉంటాయి."

బావగారి ఈఎక్స్‌ఈ (నడిపించే ఫైలు) చిన్నదే. కానీ షాపు మిషన్ ఎంఎస్‌వీబీవీఎం60 డీఎల్ఎల్, అంటే వీబీ ప్రోగ్రాములకి తోడుండాల్సిన ఫైలు, ఏదీ అని అడిగింది. ఆ ఒక్క ఫైలే ఫ్లాపీ డిస్కుని ఇంచుమించు నింపేసింది. ఫ్లాపీగాడు అలాంటిదే మరో డీఎల్ఎల్ ఎంఎఫ్‌సీ42 దగ్గర చతికిలబడి, సెట్టింగుల్లో దాన్ని ఈఎక్స్‌ఈలోనే కలిపేసే స్టాటిక్ లైబ్రరీ ఎంచుకుని రెండోసారి వెళ్తే నడిచింది. నాది బోర్లాండ్ వాళ్ల తోడు ఫైళ్లు, బీపీఎల్‌లు, కావాలని పేచీ పెట్టింది. మాస్టారు ప్రాజెక్ట్ ఆప్షన్స్ తెరిపించి రెండు టిక్కులు తీయించారు. ఒకటి రన్‌టైమ్ ప్యాకేజీలది (ఆ బీపీఎల్‌లే), రెండోది డైనమిక్ ఆర్‌టీఎల్‌ది (భాషకి తోడుండే డీఎల్ఎల్). ఈఎక్స్‌ఈ లావెక్కింది గానీ ఎవరి తోడూ అడక్కుండా ఆ మిషన్లో లేచి కూర్చుంది.

బిల్డర్ గెలిచిందని నేను కాలరెగరేస్తుండగా బార్‌కోడ్ ప్రింటర్ సీడీ దిగింది. ఒక డీఎల్ఎల్, దాన్ని ప్రోగ్రాంకి కలిపే ఒక లిబ్, ఫంక్షన్ల పేర్లున్న ఒక హెడర్. అన్నీ విజువల్ సీ వాళ్ల కోసం కట్టినవే. కంపైలయింది. ముక్కలన్నిటినీ కలిపి ఈఎక్స్‌ఈ కట్టే లింకర్ మాత్రం "ఇన్‌వ్యాలిడ్ ఓఎంఎఫ్ రికార్డ్, టైప్ 0ఎక్స్21, పాసిబ్లీ కాఫ్" అని మొరాయించింది. ఓఎంఎఫ్ బోర్లాండ్ వాడే ఫైళ్ల పద్ధతి, కాఫ్ మైక్రోసాఫ్ట్ వాడేది. ఆ సాయంత్రం ల్యాబ్ మొత్తానికి కాఫీలు ఎవరు పోయించారో మీకు తెలుసు.

మాస్టారు వచ్చి నన్ను పక్కకి జరగమన్నారు. డాస్‌కి వెళ్లి ఆ లిబ్ ఫైలుని బైట్లు చూపించే డీబగ్‌లో తెరిచి డి కొట్టారు. మొదటి బైటు హెక్స్‌లో 21. కుడివైపు వరసలో ఆశ్చర్యార్థకం గుర్తు, దాని వెనకే ఆర్చ్ అనే అక్షరాలు.

"ఆస్కీలో 21 అంటే అదే. మైక్రోసాఫ్ట్ లిబ్ ఏది తెరిచినా ఇలాగే మొదలవుద్ది. బోర్లాండ్ లింకర్‌కి ఓఎంఎఫ్ తప్ప చదవడం రాదు. డీఎల్ఎల్‌తో ఎవరికీ పేచీ లేదు కదా, ఈ లిబ్ అవతల పారేసి బోర్లాండ్ ఇంప్‌లిబ్‌తో ఆ డీఎల్ఎల్ నుంచే కొత్తది చేసుకో." హెడర్ మీద వేలు పెట్టి ఇంకో మాటన్నారు: "అన్నీ ఎక్స్‌టర్న్ సీ, అంటే పేర్లు మెలితిప్పని ఫంక్షన్లు కాబట్టి బతికిపోయావు. క్లాసులు పెట్టుంటే పేర్లని ఒక్కో కంపైలర్ ఒక్కో రకంగా మెలితిప్పుద్ది. అప్పుడు నేనూ చేతులెత్తేసేవాణ్ణి."

ఇంప్‌లిబ్ కొట్టాం, లింకయింది. మొదటి లేబుల్ మీద చీర ధర తలకిందులుగా వచ్చింది, అది టిఫిన్‌బాక్స్ చెప్పాల్సిన కథ.

మధ్యలో ఇరవై ఏళ్లు ఎటు పోయాయో గానీ, ఇప్పుడు బెంగళూరులో ఆసుపత్రి స్కానింగ్ మిషన్ల సాఫ్ట్‌వేర్ కట్టే టీముకి నేనే పెద్దని. విండోలు కట్టే క్యూటీ లైబ్రరీతో కొత్త ప్రాజెక్టు మొదలెట్టినప్పుడు మళ్లీ అదే భానుగుడి గొడవ. ఒక కుర్రాడు మింగ్‌డబ్ల్యూ కంపైలర్ అంటాడు, ఉచితం, లైసెన్సు తలనొప్పి లేదు. ఇంకొకడు క్లాంగ్. స్కాన్ మిషన్ డిటెక్టర్ కంపెనీ ఇచ్చిన లిబ్ తెరిచి చూడమన్నాను. నిండా సీ ప్లస్ ప్లస్ క్లాసులు, విజువల్ సీతో కట్టినవి. పైగా రిపోర్టు పేజీకి వెబ్ పేజీలు చూపించే క్యూటీ వెబ్‌ఇంజిన్ కావాలి, అది విండోస్‌లో మింగ్‌డబ్ల్యూతో రాదు. క్లాంగ్ కావాలంటే క్లాంగ్-సీఎల్ వాడుకోండి, అది విజువల్ సీ పద్ధతే పాటిస్తుంది అన్నాను. అరగంటలో తేలిపోయింది. ఇదంతా ఏ కోర్సులో చెప్తారు సార్ అని అడిగాడు కుర్రాడు. కాకినాడ రమ్మన్నాను.

మా మిషన్ ఒకటి ఇప్పుడు మన ఊళ్లోనూ ఉంది. అమ్మని స్కానుకి తీసుకెళ్తే ఆ తెర మీద మా బటన్లే. నేను గొప్పలు పోలేదు. ఆ పని అమ్మ చూసుకుంది, వెయిటింగ్ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పి.

మాస్టారు ఈసారి వస్తున్నారట. బావగారి నిశ్చితార్థంలో ఆయన మైకు లాక్కుని ఏమన్నారో రాయక్కర్లేదు, వదినగారు కూడా ఈ సంచిక చదువుతారు.

చివరిగా ఒక పాత బాకీ. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు షాపాయన అబ్బాయి ఫోన్ చేశాడు. విండోస్ 95లో ఎక్కించిన ఈఎక్స్‌ఈనే ఎక్స్‌పీ, 7 దాటుకుని అప్పటికీ బిల్లులు కొడుతోందట. పన్ను లెక్క మార్చాలి, సోర్సు కోడ్ పంపండి అన్నాడు. సోర్సు బావగారి దగ్గరుంది. బావగారేమో ఫ్లాపీకి ఇచ్చేశానంటాడు. ఫ్లాపీ, ఏ ఫ్లాపీ అంటాడు. ముగ్గురం ఒకే టేబుల్ దగ్గర కూర్చోబోతున్నాం కాబట్టి, కమిటీ వారూ, మైకు కాస్త దూరంగా పెట్టించండి.