ఆసు దగ్గర ఒక రోజు

పోచంపల్లిలో ఒక నేతన్న ఇంట్లో పొద్దంతా ఆసు దగ్గర, అంటే చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి చుట్టే చోట, కూర్చున్నాం. ఒక్క పట్టుచీరకు చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలంటారు. నేను మూడు వందల దాకా లెక్కపెట్టి వదిలేశాను. తల్లి భుజం నొప్పి చూడలేకే కదా చింతకింది మల్లేశం 1999 నాటికి ఆసుయంత్రం తయారుచేసింది!

ఆసు పోసే అమ్మకు నొప్పి తగ్గించే కుర్చీ చేద్దామని, మేమేమో పెద్ద తెలివైనవాళ్లలా బొమ్మలు ముందే గీసుకుని వెళ్లాం. మాలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి మెల్లగా అంది: "ఆమెకు వెనక్కి ఆనుకునే తీరికెక్కడిది? ముందుకే వంగుతోంది." వెంటనే ఒకరు టేపు తీశారు, ఇంకొకరు ఆ అమ్మను మాటల్లో పెట్టారు. "నడుము సంగతి సరే, ముందు ఈ రెక్క చూడండి బాబూ" అందామె.

బొమ్మలు చించేశాం. తిరుగు బస్సులో టికెట్ వెనకాల తలో గీతా గీస్తే మోచేతికి ఆనుడు పలక ఒకటి తేలింది. ఎత్తు ఇంకా కుదరలేదు. శనివారం మళ్లీ వెళ్తున్నాం.