అమ్మమ్మ, 24 వేల పెంకులు, ఒక సాలీడు

అమ్మ ఇండియా నుంచి వచ్చి మూడు వారాలైంది. వైట్‌హౌస్ గేటు బయటి నుంచి చూపించేశాం, గుడికి రెండుసార్లు తీసుకెళ్ళాం. జులై ఎండకి పార్కులు కుదరవు. ఓ శనివారం అమ్మనీ, పిల్లలిద్దరినీ కారెక్కించి వాషింగ్టన్ దగ్గర వర్జీనియాలోని షాంటిలీలో ఉన్న ఉడ్వార్-హేజీ సెంటర్‌కి బయల్దేరాను. స్మిత్‌సోనియన్ వాళ్ళ విమాన, అంతరిక్ష మ్యూజియానికి రెండో ఇల్లు అది. డల్లెస్ ఎయిర్‌పోర్టు పక్కనే 2003లో తెరిచారు. ఆష్‌బర్న్‌లో మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు. లోపలికి టికెట్ లేదు, కారు పెట్టుకున్నందుకు మాత్రం 15 డాలర్లు.

"దర్శనం ఉచితం, చెప్పులకి డబ్బులన్నమాట" అంది అమ్మ.

లోపలికెళ్ళి నాలుగడుగులు వేస్తే కింద నల్లగా, మూతి మన వైపే పెట్టుకుని ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్ అనే గూఢచారి విమానం. 1990 మార్చి 6న లాస్ ఏంజెలిస్ దగ్గర మొదలై వాషింగ్టన్‌కి 1 గంట 4 నిమిషాల 20 సెకన్లలో వచ్చేసింది ఇదే. పక్కనున్న డల్లెస్‌లో దిగింది, దిగినదాన్ని దిగినట్టే మ్యూజియానికి అప్పజెప్పారు. తెనాలి నుంచి బెజవాడకి బస్సులో అంతసేపు పడుతుందని అమ్మ లెక్క కట్టింది. ఆ వేగానికి ఒళ్ళంతా కాలి లోహం సాగుతుంది. అందుకని సందులు వదిలి కట్టారు, నేల మీదున్నంతసేపూ ఆ సందుల్లోంచి ఇంధనం కారుతూ ఉండేది. ఈ మాట చెప్పగానే ఆరేళ్ళ మావాడు కిందకి వంగి చూశాడు. ఏమీ కారట్లేదని డీలా పడ్డాడు.

ధ్వని కంటే వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానం కాంకార్డ్‌ని నడుస్తూనే చూశాం. వెండిలా మెరుస్తున్న ఎనోలా గే దగ్గర నా నడక ఇంకా పెరిగింది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు వేసిన విమానం అది. మావాడికి "పాత విమానంరా" అని దాటేశాను. పదేళ్ళది మాత్రం అక్కడున్న బోర్డు మొత్తం చదివి, నా మొహం వంక చూసి, ఏమీ అడక్కుండా నా చెయ్యి పట్టుకుంది. దాని గురించి మేమిద్దరం ఆ రాత్రి మాట్లాడుకున్నాం.

అంతరిక్ష విభాగంలో మధ్యనే ఉంటుంది డిస్కవరీ. నిజమైన స్పేస్ షటిల్, నమూనా కాదు. 1984 నుంచి 2011 దాకా 39 సార్లు వెళ్ళొచ్చింది. అంతరిక్షంలో గడిపిన రోజులన్నీ కలిపితే సరిగ్గా 365. సునీతా విలియమ్స్ మొదటిసారి పైకెళ్ళింది దీంట్లోనే, 2006 డిసెంబరులో. ఇవన్నీ పిల్లలకి చెప్పాలని ముందే చదువుకుని వెళ్ళాను. చెప్పనిస్తేనా!

"ఇదేంటమ్మా, మాడిపోయింది?" అన్నాడు మావాడు.

నిజమే. బొమ్మల్లో చూసే తెల్లటి తెలుపు కాదది. పక్కలంతా బూడిదరంగు చారలు, పొట్టంతా నలుపు. కట్టెల పొయ్యి మీద నలభై ఏళ్ళు కాగిన గుండిగ అడుగులా ఉందంది అమ్మ. కిందికి దిగేటప్పుడు చుట్టూ వేడి 1,600 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. దాన్ని ఆపడానికి దాదాపు 24 వేల పలకలు అంటించారు. కాస్త వంగి చూస్తే ఒక్కో పలక మీదా సన్నటి అంకెలు కనబడతాయి. ఏ రెండూ ఒకేలా ఉండవు కాబట్టి ఎక్కడిది అక్కడే పెట్టాలి. అక్కడున్న పెద్దాయన, రిటైరయ్యాక వలంటీరుగా చేస్తున్నాడట, ఒక పలక తెచ్చి మావాడి చేతిలో పెట్టాడు. ఇసుకలో ఉండే సిలికానే, కానీ లోపల 90 శాతం గాలి. థర్మోకోల్ ముక్కంత తేలిక.

"పెంకులే కదే ఇవి" అంది అమ్మ. "మన ఇంటి పెంకులకీ ఇట్లా నంబర్లేసుకునుంటే ఎక్కడ కారుతోందో మీ నాన్న వానలో నిచ్చెనెక్కి వెతికే బాధ తప్పేది."

పెద్దదానికి ఇంగ్లీషు కలిపి ఆ పెంకుటిల్లు కథంతా చెప్పింది. పావుగంట అక్కడే. డిస్కవరీ వెనకాల ఉంది, వీళ్ళు తెనాలిలో ఉన్నారు.

కానీ పిల్లల మనసు దోచింది డిస్కవరీ కాదు, ఒక చచ్చిపోయిన సాలీడు. పేరు అనిత. 1973లో అరబెల్లా అనే ఇంకో సాలీడుతో కలిసి అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైల్యాబ్‌కి వెళ్ళింది. బరువే లేని చోట గూడు అల్లగలదా అని అడిగింది మసాచుసెట్స్‌లో హైస్కూలు చదివే ఒకమ్మాయి. మొదట అరబెల్లా అల్లింది అస్తవ్యస్తంగా వచ్చిందట, ఒకటి రెండు రోజుల్లో చెయ్యి తిరిగిందట. మా చిన్నాన్న కూతురి పేరూ అనితే కావడంతో అమ్మ నవ్వాపుకోలేక కుర్చీ వెతుక్కుంది.

ఆఖరికి టవరెక్కి డల్లెస్‌లో దిగే విమానాలు చూస్తూ, బయటికొచ్చి కారులో పులిహోర తిని ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున అమ్మ చీపురుకి గుడ్డ కట్టి, హాల్లో పైమూల బూజు దులపబోయింది. మావాడు సోఫా మీంచి ఒక్క దూకు దూకి చీపురు పట్టుకున్నాడు.

"ఆగు అమ్మమ్మా, అది ఇంకా నేర్చుకుంటోంది!"