ఫోన్ పట్టుకున్నది ఆ అబ్బాయి, జవాబు చెప్పుకున్నది నేను

పోయిన డిసెంబరు లోక్ అదాలత్‌లో నా యాక్సిడెంట్ కేసు తేలిపోయింది. రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. ఎంతొచ్చింది అని వీధంతా అడుగుతోంది, ఎలా వచ్చింది అని ఒక్కరూ అడగలేదు, అందుకే రాస్తున్నా.

2023 ఆగస్టు. నేను బ్లౌజులు కుడతా. అనంతపురం పాతూరులో లైనింగు గుడ్డ, హుక్కులు కొనుక్కుని స్కూటీ మీద బుక్కరాయసముద్రం వెళ్తున్నా. ఎదురుగా వస్తున్న కారు ఉన్నట్టుండి నాకు అడ్డంగా పెట్రోలు బంకులోకి తిరిగింది. నడిపే అబ్బాయి మెడ ఒక పక్కకి వాలి ఉంది, చెవికీ భుజానికీ మధ్య ఫోన్. తర్వాత నేను రోడ్డు మీద ఉన్నా. వాడు కంగారుగా దిగుతుంటే జారిపడ్డ ఫోన్ నా తలకి జానెడు దూరంలో "హలో... రేయ్, హలో" అంటూనే ఉంది. నొప్పి కంటే ముందు నాకు తెలిసింది ఆ గొంతే.

మోకాలి కింద ఎముక విరిగింది. ప్లేటు, 6 స్క్రూలు, మూడు నెలలు మంచం.

ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు పనులు మా ఆయన చూసుకున్నాడు. పోలీసులే 90 రోజుల్లో ప్రమాదం మీద పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కి, అంటే యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే కోర్టుకి, పంపాలని 2022 నుంచి రూల్ ఉందట, మా వరకు మాత్రం ఆయన స్టేషన్ చుట్టూ తిరిగితేనే కాగితం కదిలింది. ఆ అబ్బాయి వాళ్ల నాన్న ఆసుపత్రికి బత్తాయిలు తెచ్చి "పదివేలు ఇస్తాం, రాజీ అయిపోదాం అమ్మా, మావోడికి ఉద్యోగం వచ్చేలా ఉంది" అన్నాడు. బత్తాయిలు తిన్నాం, రాజీకి ఒప్పుకోలేదు. చివరికి క్రిమినల్ కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్లిపోయాడు. ఫోన్ చేతిలో పట్టుకుని నడిపితే మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదంటే వెయ్యి నుంచి 5 వేలు జరిమానా అని చట్టంలో ఉంది. ఆ "లేదంటే" ఎవరు పెట్టారో గానీ అందరూ దాని కిందే బయటికి వస్తారు. అయినా వాడు తప్పు ఒప్పుకున్న ఆ తీర్పు కాపీ మా క్లెయిమ్ కేసులో, అంటే పరిహారం కేసులో, బాగా పనికొచ్చింది, మీరూ కాపీ తీసి పెట్టుకోండి.

లాయర్ల గురించి ఒక మాట. ఆపరేషన్ అయిన మూడో రోజే ఒకాయన మంచం దగ్గరికొచ్చి "ఖర్చంతా నాది, వచ్చినదాంట్లో 30 శాతం ఇయ్యి చాలు" అన్నాడు. ఇట్లా వాటాకి మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ రూలే ఉందని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలియదు, మనిషి మొహం నచ్చక పంపేశా. మా మరిది చెప్పిన ఇంకో లాయరమ్మని పెట్టుకున్నాం, ఫీజు ముందే మాట్లాడుకున్నాం.

ఆమె మొదట చెప్పింది గడువు గురించి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి, ఇది 2022 ఏప్రిల్ నుంచి మళ్లీ వచ్చింది. మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కింద తప్పెవరిదో రుజువు చేయక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తుంది, కానీ అది తీసుకుంటే, తప్పు అవతలివాళ్లదని రుజువు చేసి జరిగిన నష్టమంతా అడిగే 166 సెక్షన్ కింద వేసిన పిటిషన్ పోతుంది. మా ఆసుపత్రి బిల్లులే 1,90,000. అందుకని 166 కిందే వేశాం. ప్రమాదం జరిగిన ఊళ్లోనే వేయాలని లేదు, మీరు ఉండే ఊళ్లోనూ వేయొచ్చు.

మెడికల్ బోర్డు 22 శాతం వైకల్యం అని రాసింది. ఆ పని ఒక్క పూటలో అయిపోయింది.

ఇక క్రాస్ ఎగ్జామినేషన్.

ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు పెద్దాయన, విభూది బొట్టు, మా నాన్న వయసు ఉంటుంది. "నెలకి 15 వేలు సంపాదిస్తా అంటివి, ఆధారం ఏదమ్మా?" అన్నారు. నాకు జీతం చీటీ ఎక్కడిది? కాబట్టి నా కొలతల పుస్తకం కోర్టులో పెట్టాం. అట్ట చిరిగిన లాంగు నోటుబుక్కు అది. పేరు, కొలతలు, అడ్వాన్సు, ఇవ్వాల్సిన తేదీ, అక్కడక్కడా పిన్నుతో గుచ్చిన గుడ్డ ముక్కలు. ఆయన దాన్ని తెరిచి పైకి చదవడం మొదలుపెట్టారు. "36, 32, 14. ఈ 36 ఏంది, రూపాయలా?"

వెనక బెంచీల్లో నవ్వారు. హాల్లో ముప్ఫై మందికి పైగా ఉన్నారు, ఎక్కువ మంది మగవాళ్లే. "కొలత సార్" అన్నా. "ఏం కొలత?" నోరు పెగల్లేదు. ఆయన ఇంకో పేజీ తిప్పి, ఇంకో పేరు, ఇంకో మూడు అంకెలు. నా ముందు మొహమాటపడుతూ పైట జరిపి కొలతలిచ్చిన మా వీధి ఆడవాళ్లు వాళ్లంతా. వాళ్ల పేర్లు అక్కడ అట్లా వినపడుతుంటే ప్లేటు వేసిన కాలు మీద నిలబడలేక బోను కర్ర పట్టుకున్నా. జడ్జిగారు తలెత్తి "ముందుకు వెళ్లండి" అన్నాక ఆపారు.

"కుట్టేది చేతుల్తో కదా, కాలు ఎందుకు?" కాలితో తొక్కే మిషను సార్ అన్నా. "మోటారు పెట్టుకోవచ్చు కదా?" పెట్టుకోవచ్చు సార్, కానీ దానికీ కాలితోనే పెడలు నొక్కాలి, కింద కూర్చుని కటింగు చేయలేను, గంటకోసారి లేవాలి అని చెప్పుకుంటూ పోయా. తీరా నా జవాబులు టైపు చేసిన కాగితంలో ఉన్నది ఒక్కటే లైను: మోటారు పెట్టుకోవచ్చు అనడం నిజమే. చదవకుండా సంతకం పెట్టేశా. ఈ పొరపాటు మీరు చేయకండి, ఎంతమంది తొందరపెట్టినా కాగితం చదివాకే పెన్ను పట్టండి.

ఆఖర్న అసలుది వచ్చింది. "ఆ టైములో నువ్వే హెల్మెట్‌లో ఫోన్ దూర్చుకుని మాట్లాడుతూ వచ్చి కారుకి గుద్దుకున్నావు అంటాను." నిజం కాదు సార్ అన్నా. కానీ గొంతు వణికింది. ఎందుకంటే, ఇక్కడ ఒప్పుకుంటా, అంతకు ముందు రెండు మూడేళ్లు నేను సరిగ్గా అట్లాగే మాట్లాడుతూ బండి నడిపినదాన్ని. మా అమ్మాయి తిడితే మానేశా. ఆయన ఏదో ఊరికే రాయి విసిరాడు, అది వచ్చి సరిగ్గా నాకే తగిలింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

మా లాయరమ్మ మాత్రం "మంచిదే, ఫోన్ మాట ఆయనే తెచ్చాడు" అంది. నా నంబరు, ఆ అబ్బాయి నంబరు, రెండింటి కాల్ వివరాలు కంపెనీల నుంచి తెప్పించమని పిటిషన్ వేసింది. మనం వెళ్లి అడిగితే అవతలివాళ్లవి ఇవ్వరు, కోర్టో పోలీసులో అడగాలి. ఫోన్ కంపెనీలు ఆ రికార్డు రెండేళ్లు ఉంచాలి, మాకు అప్పటికే ఏడాదిన్నర దాటింది. మొదట ఆ రికార్డు అసలుదే అనే సర్టిఫికెట్ లేకుండా పంపారు, దానికో వాయిదా. చివరికి వచ్చింది చూస్తే, నా ఫోన్ నుంచి ఆఖరి కాల్ 10:50కి. వాడిది 11:42కి మొదలై నాలుగు నిమిషాలు. బంకు కుర్రాడు 108కి ఫోన్ చేసింది 11:45కి. అంటే నేను రోడ్డు మీద పడి ఉన్నప్పుడు కూడా ఆ కాల్ నడుస్తూనే ఉంది. ఆ "హలో" నేను ఊహించుకున్నది కాదు. కాగితం లాయరమ్మ చేతిలో ఉంటే నేను తీసుకుని ఆ ఒక్క లైను నాలుగైదు సార్లు చదివా.

అంతే, తర్వాతి వాయిదాకే అవతలివాళ్లు లోక్ అదాలత్‌కి వస్తామన్నారు. లెక్క ఇట్లా వేస్తారు: నా సంపాదన నెలకి 10 వేలే ఒప్పుకున్నారు, ఏడాదికి 1,20,000. నా వయసు 39, 36 నుంచి 40 మధ్య అయితే 15తో గుణించాలని 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది 18 లక్షలు, అందులో 22 శాతం 3,96,000. బిల్లులు, నొప్పికి కొంత, అన్నీ కలిపి 6,40,000 దగ్గర ఆగారు. శరీరానికి 22 శాతమైనా పనికి జరిగే నష్టం వేరు, అది ఎక్కువ లెక్కకట్టొచ్చు, తీర్పు దాకా లాగుదామా అని లాయరమ్మ అడిగింది. నాకు మళ్లీ ఆ బోనెక్కే ఓపిక లేదు. లోక్ అదాలత్‌లో ఒప్పుకుంటే పైకోర్టుకి అప్పీలు ఉండదు, నాకూ వాళ్లకీ.

కొలతల పుస్తకం ఇంకా కోర్టులోనే ఉంది. వెనక్కి తీసుకోవడానికి వేరే పిటిషన్ వేయాలట. సంక్రాంతి బ్లౌజులకి వచ్చినవాళ్లందరికీ మళ్లీ టేపు పట్టి కొలతలు తీస్తున్నా. పాత పుస్తకం ఏమైంది అని అడిగితే పోయిందని చెప్తున్నా.