నాలుగు అడిగితే ఆరు

ఉజ్బెకిస్తాన్‌లోని సమర్ఖండ్ ప్రయాణానికి గురు, శుక్ర, సోమ, మంగళవారాలు సెలవు కావాలని పెట్టిన అర్జీ ఈ సాయంత్రం ఐదున్నరకు మంజూరై తిరిగి వచ్చింది. సంతోషించబోయేలోగా అందులో నాలుగుకు బదులు ఆరు అని కనిపించింది. మధ్యలో పడిన శని, ఆదివారాలను కూడా సెలవు కిందే కట్టారు. దీనికి మా ఆఫీసులో సాండ్‌విచ్ లీవు అని ఒక ముద్దుపేరు ఉంది. రెండు రొట్టెముక్కల నడుమ ఏది పెట్టి ఉన్నా అది కూడా మనమే తిన్నట్టు లెక్క. భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతూ అదే గొణిగాను, దుప్పట్లు పరుస్తూ అదే గొణిగాను, పదకొండు దాటినా నిద్ర పట్టక చివరికి ఇలా టైపు చేయడానికి కూర్చున్నాను.

ఈ ఏడాది నా వాటా సెలవులు 18. సంక్రాంతికి రెండు, మరిది గృహప్రవేశానికి రెండు, జూలైలో చిన్నదానికి జ్వరం వచ్చి తగ్గేదాకా నాలుగు, పాస్‌పోర్టు పనికి ఒకటి పోగా తొమ్మిది మిగిలాయి. దసరాకు నాలుగు వాడుకుంటే ఐదు ఉంటాయని, వాటిని డిసెంబరులో అక్క కూతురి పెళ్ళికి దాచుకోవచ్చని పది రోజులుగా వేసుకుంటూ వచ్చిన లెక్క ఇప్పుడు మూడు దగ్గర ఆగిపోయింది. ఆ మూడింటితో పెళ్ళికూతుర్ని చేసే నాటికి వెళ్ళాలో, అప్పగింతల దాకా ఉండాలో అక్కే చెప్పాలి. బ్యాంకులో డబ్బు తగ్గితే కలగని దిగులు సెలవు తగ్గితే నాకెందుకు కలుగుతుందని ఆయన ఎన్నోసార్లు అడిగారు, నేను ఒక్కసారీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

మా ప్రయాణాల పద్ధతి మీకు తెలియనిది కాదు. ఆయన రోజులవారీగా పట్టిక గీస్తారు, నేను దాన్ని గంటలుగా కోస్తాను. తాష్కెంటులో దిగిన మర్నాడు పొద్దున్నే అఫ్రోసియాబ్ రైలు ఎక్కితే రెండు గంటల పైచిలుకులో సమర్ఖండ్ చేరతాం. రెగిస్తాన్ చౌకులో మూడు మదరసాలకు ఒక పూట, ఉలుగ్ బేగ్ వేధశాలకు ఇంకొక పూట. వేధశాల చిన్నదాని పట్టుదల. దుర్భిణి పుట్టక ముందే, 1437 నాటికి, 1,018 నక్షత్రాల స్థానాలను పట్టికగా రాయించిన రాజు ఆయన అని తొమ్మిదో తరగతి పిల్ల మా అందరికీ పాఠం చెప్పింది. రాజ్యం ఏలుతూ అన్ని రాత్రులు ఆకాశం చూడడానికి ఆయనకు సెలవు ఎవరిచ్చారని కూడా అదే అడిగింది. అప్పుడు నవ్వాను కానీ, ఇవాళ్టి మెయిలు చూశాక ఆ ప్రశ్న న్యాయమైనదే అనిపిస్తోంది.

లెక్కపెట్టుకున్న రోజులతో ఊళ్ళు తిరిగేవారికి వారాలు అడ్డం వస్తాయి. పారిస్‌లో మాకు దొరికిన రెండు రోజుల్లో ఒకటి మంగళవారం, లూవ్ర్ మ్యూజియానికి వారపు సెలవు అదే రోజు కావడం వల్ల మేము గాజు పిరమిడ్ దాకా వెళ్ళి, దాని ముందు ఫోటో దిగి, వచ్చేశాం. పరాయి దేశం దాకా ఎందుకు, అమలాపురం నుంచి వచ్చిన అత్తయ్యగారి చెల్లెల్ని ఎండలో మూసీ ఒడ్డు దాకా తీసుకువెళ్ళి, శుక్రవారమన్న సంగతి గేటు చూశాక గానీ గుర్తు రాక, సాలార్‌జంగ్ మ్యూజియం బయట నిలబెట్టిన ఘనత నాదే. ఆవిడ ఇప్పటికీ ఏ పెళ్ళిలో కనబడినా “గంట కొట్టే బొమ్మ గడియారం చూపిస్తానన్నావు కదమ్మా” అంటారు.

అయితే ఇవన్నీ ఇస్తాంబుల్ ఆదివారం ముందు దిగదుడుపే. 2018 దసరా సెలవులవి, చిన్నది అప్పుడు ఒకటో తరగతి. అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్న పుణ్యాన టర్కీ అనుమతి ఇంట్లో కూర్చునే దొరికింది, దోహాలో విమానం మారి శనివారం మధ్యాహ్నానికి దిగాం. సోమవారం తెల్లవారుజామున కపడోకియాకు వెళ్ళాలి, అటు నుంచి అటే తిరుగు ప్రయాణం. అంటే అంత పెద్ద నగరానికి మేము ఇచ్చింది ఒకటిన్నర రోజు. 537లో పూర్తయిన అయా సోఫియా గోపురం కింద మాకు మేమే కేటాయించుకున్న సమయం గంటన్నర. అప్పటికి అదింకా మ్యూజియంగానే ఉంది, 2020లో మళ్ళీ మసీదయింది. ఆదివారం పొద్దున గ్రాండ్ బజారు, ఆ తరువాత తోప్‌కపి రాజభవనం అని పట్టికలో రాసి ఉంది. తోప్ అంటే ఫిరంగి, మన తోపే. కపి అంటే ద్వారం. ఆ పేరు విన్నప్పుడల్లా అత్తయ్యగారు ఆంజనేయస్వామి గుడి అనుకునేవారు.

బజారు అసలు పేరు కపలిచార్షి. కప్పు ఉన్న అంగడి అని అర్థం. అరవైకి పైగా వీధులు, సుమారు 4,000 దుకాణాలు ఒకే కప్పు కింద ఉంటాయని చదివి, అత్తయ్యగారికి కుంకుమపువ్వు, తోడికోడలికి రంగుటద్దాల దీపం, ఆఫీసులో పంచడానికి మిఠాయి పెట్టెలు అని జాబితా రాసుకుని, తొమ్మిది కొట్టకముందే ట్రాము దిగాం. జనం లేరు. పొద్దున్నే రావడం ఎంత మంచిదయిందో అని నేను గర్వపడుతూ నాలుగడుగులు వేశాను. రాతి కమాను కింద పెద్ద తలుపులు బిగించి ఉన్నాయి, గడప మీద ఒక గోధుమరంగు పిల్లి కాళ్ళు చాచుకుని పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద కూర్చుని మేజోళ్ళు అమ్ముకుంటున్న ముసలాయన మమ్మల్ని చూసి “పజార్, పజార్” అన్నాడు. అవును, బజారే, బజారు కోసమే వచ్చామని నేను ఉత్సాహంగా తల ఊపాను. ఆయన తల అడ్డంగా ఊపి, తలుపు చూపించి, “పజార్, కపలి” అన్నాడు. కప్పు ఉన్న బజారు, అదే, మాకూ తెలుసు అన్నట్టు నేను మళ్ళీ తల ఊపాను. ఇలా ఒకరికొకరు ఎంతసేపు తలలు ఊపుకున్నామో చెప్పలేను. చివరికి ఆయన రెండు అరచేతులు కలిపి చెంప కింద పెట్టుకుని నిద్ర నటించాడు.

విషయం తరువాత ఫోనులో వెతికితే తెలిసింది. టర్కీ భాషలో పజార్ అంటే అంగడి, పజార్ అంటేనే ఆదివారం కూడా. కపలి అంటే కప్పబడినది, కపలి అంటేనే మూసి ఉన్నది కూడా. ఆ పెద్దమనిషి పాపం ఆదివారం మూసి ఉంటుందని సాక్షాత్తూ రెండే రెండు మాటల్లో చెబుతుంటే, ఆ రెండింటినీ నేను తలకిందులుగా అర్థం చేసుకుని ఆనందపడ్డాను. దుకాణం, సబ్బు, కలం, మైదానం లాంటి మాటలు వాళ్ళకూ మనకూ దగ్గరివేనని విమానంలో చిన్నదానికి గొప్పగా చెప్పుకొచ్చిన మనిషిని నేనే.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇవాళ్టి కోపం కంటే తక్కువది కాదు. పర్యాటకులు తిరిగేదే ఆదివారమని, ఆ రోజు అన్ని వేల దుకాణాలు కట్టగట్టుకుని మూస్తారా అని, వీళ్ళకు వ్యాపారం తెలుసా అని మెట్ల మీద నిలబడి మా ఆయనను దులిపేశాను. బజారు తెరిచే రోజులు చూసుకోని తప్పు ఆయనదో నాదో తేలక ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. ఈలోగా చిన్నది ఆకలని ఏడుపు మొదలుపెట్టింది. ట్రామెక్కి, దిగవలసిన చోటు దాటిపోతున్నా ఇద్దరమూ పట్టించుకోలేదు, ఎమినోను రేవు దగ్గర ఓడ కనిపించగానే పిల్ల ఏడుపు ఆపింది కాబట్టి అదెక్కాం. తోప్‌కపి ఆ విధంగా పోయింది.

ఓడ ఆసియా వైపు ఉన్న కదికోయ్‌కు వెళ్ళేది, ఇరవై నిమిషాల ప్రయాణం. పళ్ళెంలో టీ గ్లాసులు పెట్టుకుని ఒకబ్బాయి బల్లల మధ్య తిరుగుతుంటే తీసుకున్నాం. నడుము సన్నని చిన్న గాజు గ్లాసు, పాలు లేని ఎర్రటి టీ, సాసరులో రెండు చక్కెర బిళ్ళలు. నువ్వులు అద్దిన సిమిత్ రొట్టెను చిన్నది ఒక ముక్క తాను తిని, ఒక ముక్క గాలిలోకి విసిరితే సముద్రపు కొంగలు అంచు దగ్గరే అందుకున్నాయి. ఇక్కడి నుంచి ఆసియా అని ఆయన చూపిస్తే, అయితే మన ఇల్లు కనిపిస్తుందా అని అడిగింది. అంతే, ఆ పూట గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. బాగుంది.

ఇవాళ భోజనాల దగ్గర నేను ఆదివారం నాది, దాన్ని లెక్కలో వేసుకునే అధికారం వీళ్ళకెవరిచ్చారు అని గొంతు పెంచినప్పుడు ఆయన పెరుగు కలుపుకుంటూ, తల ఎత్తకుండా, “మరి ఇస్తాంబుల్ మెట్ల మీద వాళ్ళ ఆదివారం గురించి ఏమన్నావో గుర్తుందా?” అన్నారు. చిన్నది పకపక నవ్వింది. నిద్ర పట్టనివ్వనిది మెయిలో, ఈ మాటో ఇప్పుడు నేనే తేల్చుకోలేకపోతున్నాను. వారానికి ఒక్కరోజు తలుపులు బిగించుకుని ఇంటిపట్టున ఉన్న వేలమంది మీద, వాళ్ళ ఊరికి ఒకటిన్నర రోజు భిక్ష వేసిన నేను కోపగించుకున్నాను. మేజోళ్ళ ముసలాయనకు మాత్రం ఆ ఆదివారం కూడా లేదు, ఆయన స్టూలు వేసుకుని కూర్చుని అందరి సెలవునూ వచ్చేపోయేవాళ్ళకు చెప్పుకుంటూ ఉన్నాడు. మేము ఆయన దగ్గర ఒక్క జత కూడా కొనలేదు.

అలాగని హెచ్ఆర్ వారి లెక్క న్యాయమైపోదు. ఇక్కడిదాకా రాసి, అంతా నా అత్యాశేనేమో, ఆరైతే ఆరని ఊరుకుందామా అనుకున్నాను, కానీ నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన ముప్ఫై ఏళ్ళు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఇరవై పనిరోజులకు ఒక సెలవు అని, ఆ సెలవులకు మధ్యలో గానీ అటూ ఇటూ గానీ వచ్చే సెలవు దినాలను అందులో కలపకూడదని స్పష్టంగా రాసి ఉందని మాకు చిన్నప్పుడే చెప్పేవారు. బాయిలరు దగ్గర నిలబడే మనిషికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే అర్థమైన సంగతి, ఏసీ గదిలో కూర్చునే మాకు ఇంకా కొత్తగానే ఉంది. ఇంత చట్టం తెలిసిన ఆయన సెలవు పెట్టి వెళ్ళింది మాత్రం కోతలకు, పెళ్ళిళ్ళకు, రెండుసార్లు తిరుపతికి. నేను దేశాలు తిరగడం ఆయనకు ఇష్టమే. ప్రతిసారీ ఫోను చేసి ఏం చూశావని అడగరు, ఎన్ని రోజులు ఖర్చయ్యాయని అడుగుతారు. ఈసారి ఆరు అని చెబితే ఏమంటారో నాకు తెలుసు.

గురు, శుక్రవారాలకు మాత్రమే అర్జీ పెట్టి, సోమవారం పొద్దున కడుపునొప్పి అని మెసేజు పెట్టమని పక్క సీటు అమ్మాయి సలహా ఇచ్చింది. రెగిస్తాన్ ముందు నిలబడి కడుపునొప్పి నటించడం నా వల్ల కాదు, పైగా ఫోటోలు పెట్టుకోకుండా ఉండడం చిన్నదాని వల్ల కాదు. ఆయన మాత్రం పట్టికలో వారపు సెలవు అనే కొత్త గడి చేర్చి పడుకున్నారు.

ఆ ఆరును నాలుగు చేయమని అడుగుతూ మేనేజరుగారికి ఘాటుగానే ఒక మెయిలు రాశాను. పంపబోతుండగా, పన్నెండు దాటితే శనివారమని, పొద్దున్నే ఆయన ఇంట్లో కాఫీ తాగుతూ ఇది చదవవలసి వస్తుందని తోచి, సోమవారానికి దాచిపెట్టాను.